బత్తాయి ఆకు మచ్చలు తిరిగితే అంటు కట్టినవాడి కూలి ఆగింది

2018 ఎండాకాలంలో నల్లగొండ జిల్లాలో ఒక ఊరికి కూలి తగాదా తీర్చడానికి మా సంఘం తరఫున నలుగురం వెళ్ళాం. ఆ ఊళ్ళో ఒక ఆసామికి నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. రాయలసీమ సోదరులు చీనీ అనేది ఈ పండునే. ఆ తోటకు అంటు కట్టినవాడు ఆ ఊరి కూలీయే. ముప్ఫయ్యేళ్ళుగా చుట్టుపక్కల పది ఊళ్ళల్లో కన్ను తీసి అంటు కట్టేది ఆయనే. నాటిన మూడో ఏడుకు కొన్ని చెట్ల ఆకులు పచ్చ, పసుపు కలగలిసి మచ్చలు మచ్చలుగా తిరిగాయి. చెట్టు గిడసబారింది. ఆసామి లెక్క ఒక్కటే: "అన్ని చెట్లకూ తగిలింది వీడి కత్తే. రోగం వీడే అంటించాడు." ఆ ఏడు కట్టించుకున్న కొత్త అంట్లకు కూలి ఒక్క పైసా ఇవ్వలేదు. పైగా పాడైన చెట్లకు నష్టం కట్టాలని కూర్చున్నాడు.

రచ్చబండ దగ్గర తలా ఒక మాట అన్నారు. మందుల కొట్టాయన అది జింకు లోపం అన్నాడు. అప్పటికే రెండుసార్లు మందు అమ్మి డబ్బు చేసుకున్నాడు కూడా. ఒక అధికారి తోట గట్టు మీద నుంచే చూసి "ట్రిస్టిజా వైరస్" అని చెప్పి వెళ్ళిపోయాడట. ఒక ముసలి రైతు మాత్రం ఏ పేరూ పెట్టకుండా, పీకి కాల్చేయమన్నాడు. మేం అధికారి మాట పట్టుకున్నాం. ట్రిస్టిజాను పేనుబంక మోసుకొస్తుందని అంతకుముందు ఎక్కడో చదివి ఉన్నాం. ఇంకేముంది, లేచి గట్టిగా వాదించాం: "పురుగు తెచ్చిన రోగానికి మనిషి కూలి ఎట్లా ఆపుతారు? పేనుబంక మీద కేసు పెట్టుకోండి." జనం నవ్వారు. ఆసామి తగ్గాడు. కూలి మొత్తం ఇప్పించి ఇంటికొచ్చాం.

ఆ వాదన తప్పని నాలుగు నెలలకు తెలిసింది. కూలి ఇప్పించడం తప్పు కాదు. చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందే. మేం చూపించిన కారణం తప్పు. ఎందుకు తప్పో, దాన్ని ఎట్లా కనిపెట్టారో మన తోట కూలీలూ, కార్యకర్తలూ తెలుసుకోవడం అవసరమని ఇది రాస్తున్నాం. ఎందుకంటే ఇటువంటి తగాదా రేపు ఏ ఊళ్ళోనైనా రావచ్చు. అప్పుడు మేం చేసినట్టు సగం చదువుతో వాదిస్తే ఒకసారి గెలుస్తాం, రెండోసారి నవ్వులపాలవుతాం.

ముందు ఆకు సంగతి. బత్తాయి, నిమ్మ ఆకు పసుపెక్కడానికి కారణాలు చాలా ఉన్నాయి. జింకు చాలకపోతే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతుంది, ఆకు చిన్నదవుతుంది. నడి ఈనెకు రెండువైపులా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్ అనే తెగులులో అటూ ఇటూ పోలిక లేకుండా మచ్చ పడుతుంది. అది వైరస్ కాదు, బాక్టీరియా. వేరు కుళ్ళినా ఆకు పసుపెక్కుతుంది. ఇక వైరస్‌లలో మన తోటలకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ట్రిస్టిజా, రెండోది మొజాయిక్. లేత మచ్చ ముదిరితే, రెండు తెగుళ్ళు ఒకే చెట్టులో కలిస్తే, దానికి జింకు లోపం కూడా తోడయితే ఎంత చదువుకున్నవాడికైనా కంటితో తేలదు. గట్టు మీద నుంచి చూస్తే అసలే తేలదు.

ఈ రెండు వైరస్‌లు పుట్టుకలోనే వేరు. ట్రిస్టిజా సన్నటి దారం లాంటిది. ఒక మిల్లీమీటరులో వరసగా ఐదువందల దారాలు పడతాయి. మొక్కల వైరస్‌లలో ఇదే బాగా పొడవు కింద లెక్క. మొజాయిక్‌ది పొట్టి కడ్డీ ఆకారం, అందులో పదమూడో వంతు పొడవు కూడా ఉండదు. ట్రిస్టిజాను పేనుబంక ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది, అంటు కన్నులో కూడా వస్తుంది. మొజాయిక్‌ను పేనుబంక మోసుకొస్తుందనుకోవడానికి లేదు. అది తోటకు వచ్చే పెద్ద దారి అంటు కన్నే. ఎక్కడ తెచ్చిన కన్ను, ఏ తల్లిచెట్టుది అన్నదే దాని అసలు కథ. చూశారా, రోగం పేరు మారితే తప్పు ఎవరిదన్నదీ మారిపోతుంది. పేరు తేల్చకుండా ఎవరి కూలీ ఆపకూడదు, ఎవరి చెట్టూ పీకకూడదు.

ట్రిస్టిజా అంటే పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో దిగులు. 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో పుల్ల నారింజ వేరుమూలం మీద కట్టిన బత్తాయి చెట్లు దిగులు పడ్డట్టు ఆకు వేలాడేసి, చూస్తుండగానే ఎండిపోయాయి. కన్ను కట్టిన చోటికి కింద, ఆకు తయారుచేసిన ఆహారాన్ని వేరుకు దించే నాళాలు చచ్చిపోతాయి. వేరు ఆకలితో చస్తుంది, ఆ తర్వాత చెట్టు చస్తుంది. బ్రెజిల్‌లో మెనెగిని అనే శాస్త్రవేత్త 1946లో దీన్ని పేనుబంక మోస్తుందని రుజువు చేశాడు. ప్రపంచం మొత్తం మీద ఈ తెగులుకు పోయిన చెట్లు పది కోట్ల దాకా ఉంటాయని అంచనా. ఒక్కో తోట పోతే దాని వెనక కోత కూలీలు, గంపలు మోసేవాళ్ళు ఎంతమంది పని పోగొట్టుకున్నారో ఆ లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు.

మన దగ్గర బత్తాయిని ఎక్కువగా జంబేరి మీదా, రంగపూర్ నిమ్మ మీదా కడతారు. ఈ వేరుమూలాలు ట్రిస్టిజాను తట్టుకుంటాయి. అందుకని మన బత్తాయి చెట్టులో ట్రిస్టిజా ఉన్నా, బ్రెజిల్‌లో లాగా ఒక్కసారిగా ఎండిపోదు. చాలాసార్లు ఉన్నట్టే తెలీదు. కానీ నిమ్మ సంగతి వేరు. నిమ్మను ఏ వేరు మీద పెట్టినా, గింజ మొక్కగా పెట్టినా ట్రిస్టిజా పట్టి పీడిస్తుంది: బెరడు ఒలిస్తే కింద కట్టె మీద సన్నటి గుంటలు, గాడులు కనిపిస్తాయి; కాపు తగ్గుతుంది, కాయ సైజు పడిపోతుంది. అంటే బత్తాయి తోట ఆసామికి పట్టని వైరస్ పక్కనున్న నిమ్మ రైతును ముంచగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పరీక్షలు రాకముందు వైరస్‌ను ఎట్లా కనిపెట్టేవాళ్ళు? మొక్కనే సాక్షిగా పెట్టేవాళ్ళు. అనుమానం ఉన్న చెట్టు కన్ను తెచ్చి ఆరోగ్యంగా ఉన్న నిమ్మ నారుకు కట్టి, నెలల తరబడి చూసేవాళ్ళు. లేత ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఈనెల మీద తెల్లటి చారికలు కనిపిస్తే ట్రిస్టిజా ఉన్నట్టు. ప్రపంచమంతా ఈ సాక్ష్యానికి వాడింది ఏ నిమ్మో తెలుసా? మెక్సికో నిమ్మ అని పేరు పెట్టుకున్నారు గానీ అది మన కాగ్జీ నిమ్మ జాతే. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో బస్తాల కొద్దీ అమ్మే నిమ్మ! నమ్మదగ్గ పరీక్షే, కానీ గాజు ఇల్లు కావాలి, నెలలు కావాలి. వెయ్యి చెట్ల తోటకు అది ఎక్కడ కుదురుతుంది?

ఇక్కడే యాంటీబాడీ పని మొదలవుతుంది. ఇది మన ఒంట్లో ఉండేదే. మశూచి టీకా వేస్తే మళ్ళీ మశూచి రాకుండా ఒళ్ళు గుర్తుపెట్టుకునేది కదా, ఆ గుర్తుపెట్టుకునే పదార్థం యాంటీబాడీ. పరాయి సరుకు ఏది ఒంట్లోకి వచ్చినా దాని పైపొర ఆకారానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీని రక్తం తయారుచేస్తుంది. తాళానికి తాళంచెవి లాగ అనుకోండి. చెట్టుకు రక్తం లేదు, అది యాంటీబాడీ తయారుచేయలేదు. అందుకని శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. చెట్టు నుంచి వైరస్‌ను వేరుచేసి శుభ్రపరిచి కుందేలుకు ఎక్కిస్తారు. చెట్టు వైరస్ కుందేలును ఏమీ చేయదు. కానీ కుందేలు రక్తం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి యాంటీబాడీ తయారుచేస్తుంది. ఆ రక్తంలోంచి తీసిన సీరమే మన సాక్షి. ట్రిస్టిజాకు తయారైన సీరం ట్రిస్టిజానే పట్టుకుంటుంది, మొజాయిక్‌ను పట్టుకోదు. మొజాయిక్ సీరం ట్రిస్టిజాను పట్టుకోదు.

పట్టుకున్నట్టు కంటికి ఎట్లా తెలియాలి? దానికి 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు ఎలిసా అనే పద్ధతి కనిపెట్టారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో క్లార్క్, ఆడమ్స్ 1977లో దాన్ని మొక్కల వైరస్‌లకు అమర్చారు. వాళ్ళు చూపించిన వైరస్‌లలో ఒకటి పండ్ల చెట్టుదే, దాని సంగతి కిందకు చెబుతాం. 1979 నాటికి అదే పద్ధతి ట్రిస్టిజాకూ వచ్చింది.

పని ఇలా జరుగుతుంది. అరచేతి కన్నా కాస్త పొడవున్న ప్లాస్టిక్ పలక. అందులో ఎనిమిది వరసలు, వరసకు పన్నెండు చొప్పున 96 చిన్న గుంటలు. మొదట ప్రతి గుంట అడుగుకూ యాంటీబాడీ అంటుకునేటట్టు పూస్తారు. కడుగుతారు. ఆకు ఈనెలు నూరిన రసం పోస్తారు, గుంటకొక చెట్టు. రాత్రంతా చల్లగా ఉంచుతారు. రసంలో వైరస్ ఉంటే అడుగున ఉన్న యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. మళ్ళీ కడిగితే మిగతాదంతా పోతుంది, పట్టుబడింది మాత్రం నిలుస్తుంది. ఇప్పుడు అదే యాంటీబాడీకి ఒక ఎంజైమును తగిలించి మళ్ళీ పోస్తారు. అది పట్టుబడ్డ వైరస్ మీద పైనుంచి అతుక్కుంటుంది. ఇంకోసారి కడిగి, చివర్న రంగులేని ద్రావణం పోస్తారు. ఎంజైము ఉన్న గుంటలో ఆ ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. లేని గుంటలో నీళ్ళలాగే ఉంటుంది. వైరస్‌ను యాంటీబాడీ కిందనుంచీ పైనుంచీ పట్టుకుంటుంది కాబట్టి దీన్ని రెండు రొట్టెల మధ్య కూరతో పోలుస్తారు. పలకలో కొన్ని గుంటల్లో ఆరోగ్యమైన చెట్టు రసం, కొన్నిట్లో రోగం ఖాయమైన చెట్టు రసం కూడా తప్పక పోయాలి. ఆ పోలిక లేకుండా పసుపు ఎంత ముదిరితే రోగమో చెప్పలేరు.

మా తగాదా తోట ఆకులను ఒక ప్రయోగశాలకు పంపించాం. మచ్చలున్న చెట్లవి పన్నెండు, బాగున్న చెట్లవి పన్నెండు. మచ్చ చెట్లు మాత్రమే పంపుదామని ఆసామి అన్నాడు గానీ, అక్కడి ఉద్యోగిని ఒకావిడ ఫోనులో చెప్పడం వల్ల బాగున్నవీ పంపాం. అదే మమ్మల్ని కాపాడింది. ట్రిస్టిజా యాంటీబాడీ పోసిన పలకలో దాదాపు అన్ని గుంటలూ పసుపెక్కాయి, మచ్చ చెట్లవీ, బాగున్నవీ. మొజాయిక్ యాంటీబాడీ పలకలో మచ్చ చెట్లవి మాత్రమే పసుపెక్కాయి. మచ్చ చెట్లే పంపి, ట్రిస్టిజా ఒక్కటే చూపించుకుని ఉంటే "అధికారి చెప్పింది నిజమే, ట్రిస్టిజాయే" అని సంతోషంగా ఊరంతా చాటేవాళ్ళం. ట్రిస్టిజా తోటంతా ఉంది, కానీ మచ్చలకు కారణం అది కాదు. మచ్చలకు కారణం మొజాయిక్. మొజాయిక్‌కు పేనుబంక కథ నప్పదు. కన్నుతోనే వచ్చింది.

అయితే అంటు కట్టినవాడిదే తప్పా? ఆయన్నే అడిగాం. ఆయన కోపం తెచ్చుకోలేదు. "కత్తి నాదే గానీ కన్ను నాది గాదు గదన్నా" అన్నాడు. విచారిస్తే, కన్నుల కొమ్మలు ఆసామే తెచ్చి ఇచ్చాడు. ఎక్కణ్ణుంచి? బంధువు తోటలో బాగా కాసిందని ఒక చెట్టు నుంచి, ఉచితంగా. ఆ తల్లిచెట్టును ఎవరూ ఏ పరీక్షా చేయలేదు. ఒక్క చెట్టు కన్నులు వందల మొక్కలయ్యాయి, ఆ వందల మొక్కలకూ దాని రోగమే వారసత్వం. ఆసామి మీదా కక్ష లేదు. పరీక్ష అనేది ఉందని ఆయనకూ తెలీదు. కానీ తెలియనితనానికి జుర్మానా మాత్రం అందరికన్నా కింద ఉన్నవాడి మీద పడబోయింది.

ఇంతటితో కథ అయిపోలేదు. ఆ తోట పక్కనే ఎకరంన్నర నిమ్మ కౌలుకు చేస్తున్న కుటుంబం ఉంది. పలకల సంగతి విని ఆ ఇల్లాలు మా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది: "అన్నా, వాళ్ళ బత్తాయిలో ఉన్న ఆ ట్రిస్టిజా పేనుబంకతో మా నిమ్మకు వస్తదా? వస్తే మేం ఈ కౌలు వదులుకోవాల్నా?" మా దగ్గర జవాబు లేదు. పలక దగ్గరా లేదు. ఎందుకంటే ట్రిస్టిజాలోనే రకాలున్నాయి. కొన్ని సాధువులు, ఉన్నా చెట్టుకు పెద్ద హాని చేయవు. కొన్ని ఘోరమైనవి. కుందేలు సీరం రెండిటినీ ఒకేలా పట్టుకుంటుంది. కుందేలు ఒంట్లో వైరస్ పైపొర మీద రకరకాల చోట్లకు రకరకాల యాంటీబాడీలు పుట్టి కలగలిసి ఉంటాయి కాబట్టి, ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. అన్నదమ్ములిద్దరినీ ఇంటిపేరుతో పిలిస్తే ఇద్దరూ పలికినట్టు.

రకం తేల్చాలంటే ఒకే చోటుకు మాత్రమే అతుక్కునే ఒకే ఒక్క యాంటీబాడీ కావాలి. అటువంటిది తయారుచేసే దారి 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. ఎలుక ప్లీహంలో యాంటీబాడీ తయారుచేసే కణాన్ని, చావు లేకుండా పెరిగే కాన్సర్ కణంతో కలిపారు. కలిసిన కణం ఒకే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేస్తూనే ఉంటుంది. 1984లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. మిల్‌స్టీన్ అర్జెంటీనావాడు, వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో తన సంస్థలో తోటి శాస్త్రవేత్తలను తీసేస్తే నిరసనగా 1963లో ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. ఈ పద్ధతి మీద పేటెంటు తీసుకోలేదు. తర్వాత దాని మీద కంపెనీలు కోట్లు గడించాయి. ఇది దారి తప్పిన మాటే గానీ, చెప్పకుండా ఉండలేకపోయాం.

ఈ పద్ధతితో అమెరికాలో ఫ్లోరిడాలో ట్రిస్టిజాకు ఒక యాంటీబాడీ తయారుచేసి 1990లో ప్రకటించారు. పేరు ఎం.సి.ఎ. 13. ఫ్లోరిడాలోని సాధు రకాలకు ఇది పలకలేదు, చెట్లను చంపే రకాలకు పలికింది. ఎందుకని వెతికితే చిత్రమైన సంగతి బయటపడింది. వైరస్ దారం చుట్టూ ఉండే కోటు ఒకే ప్రోటీను పదేపదే పేర్చినట్టు ఉంటుంది. ఆ ప్రోటీను 223 పూసల దండ. 124వ పూస ఘోర రకాల్లో ఫెనైల్ అలనిన్, సాధు రకాల్లో టైరోసిన్. ఈ రెండు పూసలకూ తేడా ఎంతంటే ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. కంటికి కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ కనపడని తేడాను ఎలుక కణం నుంచి వచ్చిన యాంటీబాడీ పట్టేసింది.

దీని ఉపయోగం చిన్నది కాదు. కాలిఫోర్నియాలో టులేర్ కేంద్రంగా 1960లలో ఏర్పడిన ట్రిస్టిజా నిర్మూలన సంస్థ ఎన్నో ఏళ్ళు వైరస్ ఉన్న ప్రతి చెట్టునూ తీయించింది. వైరస్ వ్యాపించిపోయి, ఎన్ని తీసినా ఆగకపోయేసరికి, తర్వాతి కాలంలో ఎం.సి.ఎ. 13కు పలికిన చెట్లనే తీసే పద్ధతికి మారింది. బ్రెజిల్ వాళ్ళ దారి ఇంకోటి. అక్కడ పేనుబంక ఎంత ఉందంటే వైరస్ లేని చెట్టు అన్నది ఊహే. అందుకని 1960ల నుంచీ పేరా అనే బత్తాయి రకానికి కావాలనే సాధు రకం వైరస్ ఎక్కించి మొక్కలు పెంచారు. సాధువు ముందే ఇల్లు ఆక్రమించి కూర్చుంటే దొంగకు చోటు దొరకదన్నమాట. అటువంటి చోట "వైరస్ ఉందా" అని అడిగితే అర్థమే లేదు. అన్నిటిలో ఉంది. "ఏది ఉంది" అనేదే ప్రశ్న. మా ఊరి కౌలు ఇల్లాలు అడిగిందీ అదే.

అయితే దీన్ని దేవుడి వాక్కు అనుకోకండి. 124వ పూస రోగానికి కారణం కాదు, అది ఒక పుట్టుమచ్చ మాత్రమే. ఫ్లోరిడాలో ఆ మచ్చ ఉన్నవాడు సాధారణంగా దుర్మార్గుడు కావడం వల్ల పనికొచ్చింది. కాలిఫోర్నియాలోనే తర్వాత ఎం.సి.ఎ. 13కు పలికే కొన్ని రకాలు తోటలో చెట్లకు రోగలక్షణాలు చూపించనివని తేలింది. ఒక దేశపు పుట్టుమచ్చ ఇంకో దేశంలో సాక్ష్యంగా చెల్లాలని లేదు. మన నిమ్మలో బెరడు కింద గుంటలు పెట్టే రకాలకు ఆ ఒక్క యాంటీబాడీ మీదే తీర్పు చెబితే అన్యాయం అవుతుంది.

ఇందాక ఈస్ట్ మాలింగ్ వాళ్ళు పలకలో చూపించారన్న పండ్ల చెట్టు వైరస్ ప్లమ్ పాక్స్. బల్గేరియాలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్లమ్ కాయల మీద పొక్కుల్లాంటి మచ్చలు చూసి రైతులే షార్కా అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో మశూచి లాంటిదని. 1932లో అతనసోవ్ అనే శాస్త్రవేత్త అది వైరస్ అని రాశాడు. 1979లో ఫ్రాన్స్‌లో కెర్లాన్, దునేజ్ దీనిలో డి, ఎం అని రెండు రకాలు చూపించారు. ఎం రకం పీచ్ తోటల్లో వేగంగా పాకుతుంది. డి సాధారణంగా అంత వేగం చూపదు. 1990లలో స్పెయిన్, ఇటలీ వాళ్ళు డికి పలికేది ఒకటి, ఎంకు పలికేది ఒకటి, రెండు వేరువేరు యాంటీబాడీలు తయారుచేశారు. అంతా బాగుంది. కానీ తర్వాత మూడోది దొరికింది: ఒళ్ళు కొంత డిది, కోటు ఎంది. డి, ఎం ఒకే చెట్టులో కలిసినప్పుడు ముక్కలు మార్చుకుని పుట్టిన సంకరం. యాంటీబాడీ కోటు చూసి ఎం అని చెప్పేసింది. యాంటీబాడీకి చొక్కా కనపడుతుంది, మనిషి కనపడడు. లోపలి సంగతి తేలాలంటే జన్యువును చదివే పి.సి.ఆర్. పరీక్ష కావాలి. గ్రీనింగ్ బాక్టీరియాతోనూ ఇట్లాగే అయింది: తయారుచేసిన యాంటీబాడీలు కొన్ని రకాలకు పలికి మిగతావాటికి పలకక, చివరికి జన్యు పరీక్షే దిక్కయింది. కానీ వేల చెట్లను చవగ్గా, త్వరగా వడపోయడానికి ఇప్పటికీ ఎలిసా పలకే పనికొస్తుంది. వడపోతలో అనుమానం మిగిలినవి పి.సి.ఆర్.కు పంపాలి.

ఇక ఆకు కోసేది ఎవరు? మనమే. ప్రయోగశాల ఎంత గొప్పదైనా కోత తప్పయితే ఫలితం తప్పు. ట్రిస్టిజా ఆహార నాళాల్లో ఉంటుంది కాబట్టి ముదురాకు రేకు కాదు, ఈ మధ్య వచ్చిన కొమ్మల తొడిమలు, నడి ఈనెలు, లేత బెరడు కావాలి. వైరస్ చెట్టంతా సమానంగా ఉండదు. నాలుగు దిక్కుల నుంచీ తీయాలి. మండుటెండల్లో చెట్టులో వైరస్ తగ్గుతుంది, అప్పుడు తీస్తే ఉన్నా లేనట్టు రావచ్చు. మేం మొదట మే నెలలో కోసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి బస్సు పైన వేసి పంపితే అక్కడికి చేరేసరికి ఆకు ఉడికిపోయింది. ఆవిడ వెనక్కి పంపి, చలువ చేసిన డబ్బాలో రెండోసారి పంపమంది. ప్రతి కట్టకూ చెట్టు నంబరు రాయాలి. చెట్టు చెట్టుకూ కత్తిని బ్లీచింగ్ నీళ్ళలో ముంచి తుడవాలి. మొజాయిక్ రసంతో కూడా అంటుకుంటుందని ప్రయోగాల్లో చూశారు. ఈ కత్తి తుడవడానికి పట్టే టైముకు కూడా కూలి లెక్క కట్టాలని మేం ఒక్కో తోటలో అడుగుతూనే ఉన్నాం. అంట్లకు లెక్కన కూలి ఇస్తే ఎవడు తుడుస్తాడు? వేగంగా కట్టినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ, జాగ్రత్తగా కట్టినవాడికి తక్కువ. ఈ పద్ధతిని పెట్టిందీ కూలీ కాదు.

తల్లిచెట్టు పరీక్ష సంగతి అంతకన్నా ముఖ్యం. తిరుపతిలో చీనీ, నిమ్మ మీద పరిశోధన కేంద్రం ఉంది. నెల్లూరు వైపు పేట్లూరులో నిమ్మ మీద పనిచేసే కేంద్రం ఉంది. నాగపూర్‌లో దేశం మొత్తానికి కేంద్ర సంస్థ ఉంది. చిగురు కొనను సూది మొనంత కోసి గాజు గొట్టంలో నారుకు అంటు కట్టి వైరస్ లేని మొక్క పుట్టించే పద్ధతి 1970ల నుంచే ఉంది. అలా పుట్టినదాన్ని దోమతెర ఇంట్లో పెంచి, పరీక్షలు చేస్తూ, దాని కన్నులే నర్సరీకి ఇవ్వాలి. తెలియనిది ఏమీ లేదు. మన ఊరి నర్సరీలో అంటు మొక్క కొనేటప్పుడు "దీని తల్లి ఏది, ఎప్పుడు పరీక్ష చేశారు" అని అడిగితే మాత్రం ఇప్పటికీ మనిషిని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. మేం అడిగి చూశాం కాబట్టే చెబుతున్నాం.

ఆ ఆసామి మచ్చలున్న చెట్లు పీకించాడు. పీకిన కూలి అదే రోజు ఇచ్చాడు. బాగున్న చెట్లు, ట్రిస్టిజా ఉన్నా సరే, రంగపూర్ వేరు మీద ఉన్నాయి కాబట్టి ఉంచమని మేమే చెప్పాం. పక్కనున్న నిమ్మ కౌలుదారులు భయపడుతూనే ఆ ఏడు కౌలు కొనసాగించారు. పేనుబంక చిగురు మీద కనపడగానే చూసుకుంటామని చెప్పి బత్తాయి ఆసామి దగ్గర కూడా ఒప్పుకోలు తీసుకున్నారు. వాళ్ళ నిమ్మలో ఉన్నది సాధు రకమో, ఘోర రకమో ఇప్పటివరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు. అంటు కట్టే పెద్దన్న మాత్రం ఇప్పుడు ఎవరు కొమ్మలు తెచ్చిచ్చినా కత్తి తీసే ముందు చెట్టు ఎక్కడిదో అడిగి, ఒక పాత నోటు పుస్తకంలో మనవరాలితో రాయించుకుంటున్నాడు: తేదీ, ఎవరి తోట, ఎన్నో చెట్టు, కొమ్మలు తెచ్చినవాడి వేలిముద్రో సంతకమో.